నీడ పడిన ఫోటోలు

“కాస్త అమ్మ స్లైడ్లు చూడు. నీకు రెండు నిమిషాల పని,” అన్నాడు మా ఆయన. అంటూనే నేను మడతపెట్టి పక్కన పెట్టుకున్న దుప్పట్ల మీద లాప్‌టాప్ పెట్టేశాడు.

మా ఆయనకి ‘కాస్త’ అన్న మాటంటే మహా ప్రాణం. దాన్ని ముందు తగిలిస్తే ఎంత పనైనా పని కాకుండా పోతుందని అతని నమ్మకం. కాస్త టీ పెట్టు. కాస్త ఈ చొక్కాకి బొత్తాం కుట్టు. కాస్త నాన్న బీమా కాగితాలు చూడు. ఆఫీసులో మా సార్‌కీ ఇదే జబ్బు. “కాస్త మెరుగులు దిద్దమ్మా” అని స్లైడ్లు పంపిస్తారు. తెరిచి చూస్తే అందులో నాలుగు ముక్కలు, ఒక అడ్డదిడ్డమైన పట్టిక ఉంటాయి. మెరుగులు దిద్దడమంటే మొత్తం నేనే చెయ్యడమని మా ఆఫీసులో అర్థం. తర్వాత మీటింగులో ఆయన తెర ముందు నిలబడి మాట్లాడతారు. నేను వెనక మూల కుర్చీలో లాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటాను. ఆయన వెనక్కి తిరక్కుండానే “నెక్స్ట్” అంటారు, నేను బటన్ నొక్కుతాను. ఏళ్లుగా ఇదే తంతు. ఒకసారి “చేతిలో పట్టుకునే రిమోట్లు దొరుకుతాయి సార్, ఒకటి తెప్పిద్దామా?” అంటే “ఎందుకమ్మా, నువ్వున్నావుగా” అన్నారు. అది మెచ్చుకోలే అనుకుని ఆ రోజంతా సంతోషంగా తిరిగాను, నా మొహం మండ.

అయితే ఒకటి. ఇంకొకళ్లు చేసిన స్లైడ్లు తెరవడమంటే నాకు భలే సరదా. తెలియనివాళ్ల వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నట్టుంటుంది. ఒకడు తెరంతా అక్షరాలతో నింపేస్తాడు, మాట్లాడ్డానికి భయం కాబట్టి. ఇంకొకడికి ప్రతి మాటా గిరగిరా తిరుగుతూ రావాలి. మా సార్ కంగారు పడ్డప్పుడల్లా ఎర్ర రంగు వాడతారు. మనిషిని చూడకుండా మనిషిని పట్టేసుకోవచ్చు. నా సహజ గుణమే అంత, పక్కింట్లో కుర్చీ జరిపిన చప్పుడైనా ఎందుకు జరిపారో తెలుసుకునేదాకా నాకు తోచదు.

అందుకని అత్తయ్య స్లైడ్లు అనేసరికి దుప్పట్లు పక్కకి నెట్టేశాను.

మావయ్య వంతెనల ఇంజనీరు. ఆ శుక్రవారం ఆయన పదవీ విరమణ. ఆఫీసు హాల్లో సభ, తెర మీద ఆయన కట్టిన వంతెనల ఫోటోలు, ఒక్కో వంతెన గురించి ఆయన నాలుగు మాటలు. స్లైడ్లు చెయ్యమని మావయ్య కొడుకునే అడిగారు. కొడుకు “నాకెక్కడ టైముంది నాన్నా” అని నావైపు చూశాడు. నేను చచ్చినా చూపు కలపలేదు, అప్పటికే సోమవారానికి మా సార్ స్లైడ్లు నెత్తిమీదున్నాయి. అప్పుడు అత్తయ్య, గిన్నెలు తీసుకెళ్తున్న మనిషి, ఆగి, “నేను చేస్తాలెండి” అంది.

భోజనాల బల్ల దగ్గర అందరం నవ్వాం. నేనూ నవ్వాను. “నువ్వా? టీవీ చానెలు మార్చడానికే నన్ను పిలుస్తావు” అన్నారు మావయ్య. అత్తయ్య మాటల మనిషి కాదు. గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటినుంచి మధ్యాహ్నం పనులయ్యాక మావయ్య పాత లాప్‌టాప్ ముందు కళ్లజోడు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా గదిలోకి వస్తే మూత మూసేసేది.

ఇప్పుడా మూత నా చేతిలో తెరుచుకుంది.

మొదటి స్లైడ్లో ఒక ఫోటో, పైన ‘ఉదయం’ అన్న ఒక్క మాట. వంతెన పేరు లేదు, సంవత్సరం లేదు. రెండోదీ ‘ఉదయం’. మూడోదీ అంతే. కొంత దూరం పోయాక ‘మధ్యాహ్నం’, ఆపైన ‘సాయంత్రం’. అన్నింట్లోనూ మావయ్యే, నడుం మీద చెయ్యేసుకుని, వెనక కొత్తగా కట్టిన వంతెనతో. కానీ ఫోటోలు చూస్తే ఏడుపొచ్చేలా ఉన్నాయి. ప్రతిదాంట్లో కింద నల్లగా ఏదో మరక. కొన్నింట్లో ఆ నలుపు మావయ్య బూట్లదాకా పాకింది, కొన్నింట్లో మోకాళ్లు దాటింది. తీసినవాళ్ల నీడ పడి పాడైపోయినవన్నమాట.

ఇక్కడే నా బుర్రలో పురుగు తొలిచింది. ఎందుకంటే ముందుగదిలో ఇటుకంత మందాన ఆల్బం ఉంది. ఇంటికెవరొచ్చినా మావయ్య అది తీస్తారు. ఇవే వంతెనలు, ఇదే చొక్కా, ఇదే చెయ్యి ఇదే నడుం, మరక లేకుండా నిక్షేపంగా ఉన్న ఫోటోలు. చేతి దగ్గర అంత మంచివి పెట్టుకుని, ఎక్కడో పెట్టె అడుగునుంచి ఈ పాడైనవి ఏరి, స్కాన్ చేయించి తెచ్చి పెట్టడమేమిటి? పైగా ఆ వరస ఏమిటి? ఏ లెక్కన పెట్టింది?

మా ఆయన భుజం మీంచి తొంగిచూసి పగలబడి నవ్వాడు. “చూడు చూడు, నాన్న జుట్టు ఊడిపోయి మళ్లీ మొలిచింది, మళ్లీ ఊడింది! అమ్మకేం తెలుస్తుంది పాపం. సంవత్సరాల వరసలో పెట్టెయ్. పేర్లూ పొడవులూ నాన్ననడిగి రాసెయ్. ఆ మరకలు తీసెయ్.” ఆఖరి స్లైడు దగ్గర ఆగాడు. అందులో మావయ్య లేరు. ఎవరూ లేరు. ఖాళీ వంతెన, దాని మీద నల్లటి నీడ. పైన మాట కూడా లేదు. “ఇది పొరపాటున నొక్కుకుంది. తీసెయ్. నాన్న లేని ఫోటో ఏం చేసుకుంటారు వాళ్లు?”

అత్తయ్య అప్పుడు వంటింట్లోనే ఉంది. ఒక్క కేక వేస్తే పలికేది. ‘అత్తయ్యా, ఇదిలా ఎందుకు పెట్టారు?’ అంటే తేలిపోయేది. పక్కింటి కుర్చీ గురించి ఆరా తీసే నేను మా వంటింట్లోకి ఒక్క కేక వెయ్యలేదు. మా పనిలో అది అలవాటు లేదు మరి. స్లైడ్లు వస్తాయి, మేం సరిచేస్తాం, పంపేస్తాం. చేసినవాళ్లని అడగడం ఉండదు.

సరిచేశాను. రెండు నిమిషాలు కాదు, ఆ సాయంత్రమంతా పట్టింది. వంకర ఫోటోలు నిటారుగా నిలబెట్టాను, నాలుగు రకాల అక్షరాలు ఒక రకానికి తెచ్చాను. సంవత్సరాల వరస పెట్టాను. ‘ఉదయం’ తీసేసి మావయ్య చెప్పిన పేర్లూ పొడవులూ రాశాను. ప్రతి ఫోటో అడుగు అంచు పట్టుకుని పైకి జరిపి నలుపంతా కత్తిరించేశాను. ఎంత కత్తిరించినా మావయ్య ఠీవిగా నిలబడే ఉన్నారు. ఆఖరిది ఎంచి డిలీట్ కొట్టాను. అయ్యాక చూసుకుంటే నా పనికి నాకే ముచ్చటేసింది. మావయ్య కూడా చూసి, “ఇదీ స్లైడ్లంటే! ఇల్లు కడిగినట్టు చేశావమ్మాయ్” అన్నారు.

మర్నాడు పొద్దున్న అత్తయ్యకి చూపించాను. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కటే చూసింది. ఒక్కోదాంట్లో కిందవైపు ఎక్కువసేపు చూస్తోందని అప్పుడు గమనించాను, ఎందుకో అర్థం కాలేదు. ఆఖరుకొచ్చాక, “అయిపోయాయా?” అంది.

“అయిపోయాయి అత్తయ్యా. ఏమైనా మార్చాలా?”

“ఏం లేదమ్మా. బాగుంది. పనితనం ఉన్న పిల్లవి.” లేచి వెళ్లి కుళాయి తిప్పింది. టిఫిను గిన్నెలు తోముతూ, కోపమూ కాదు, నిష్ఠూరమూ కాదు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు అంది: “అంతా శుభ్రం చేశావు. నన్ను కూడా ఊడ్చేశావు, అంతే.”

నాకు బుర్ర తిరిగింది. ఈవిడ ఫోటో అందులో ఒక్కటీ లేదే, ఊడ్చెయ్యడానికి? ఆఫీసుకి టైమవుతోంది, అయినా చెప్పులు విప్పి వెనక్కొచ్చి కూర్చున్నాను.

స్లైడ్లలో ఫోటో కత్తిరిస్తే ఆ ముక్క నిజంగా పోదు. కనబడకుండా అక్కడే దాక్కుంటుంది. అంచు పట్టుకుని లాగితే మళ్లీ వస్తుంది. మొదటి ఫోటో అంచు పట్టుకుని కిందకి లాగాను. నలుపు వచ్చింది. ఇంకొంచెం లాగాను. తల, భుజాలు, కెమెరా పట్టుకుని రెండు పక్కలా పైకెత్తిన మోచేతులు, రెండు చెవుల గిన్నెలాగా. అన్నీ లాగేశాను. అన్నిటినీ చిన్నవి చేసి తెరమీద ఒకేసారి పరిచాను, అప్పుడు తెలిసింది. మరకలు కావవి. ఒకే మనిషి. ఒకదాంట్లో జుట్టు గాలికి చెదిరి ఉంది. ఒకదాంట్లో నెత్తిన మావయ్య టోపీ, ఫోటోకోసం తీసి ఈవిడ చేతికిచ్చి ఉంటారు. ఒకదాంట్లో భుజాన పెద్ద సంచీ, ఒక పక్కకి ఒరిగిపోతూ. ఒకదాంట్లో చంకలోంచి ఇంకో చిన్న తల మొలుచుకొచ్చింది. పిల్లాణ్ణి ఎత్తుకునే ఫోటో తీసింది. ఆ పిల్లాడు మా ఆయన.

“అత్తయ్యా!” అని నేను వేసిన కేకకి ఆవిడ సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆఫీసుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పేశాను.

“నాకన్నీ చెప్పండి. ముందు ఇది చెప్పండి. నీడ పడినవే ఎందుకు?”

“ప్రతి వంతెన దగ్గరా రెండు తీసేదాన్ని. మీ మావయ్య చెప్పేవారు, సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి, అప్పుడే మొహం బాగా వస్తుంది అని. నా వెనక సూర్యుడుంటే నా నీడ ఎక్కడికి పోతుందమ్మా? ముందుకే కదా. మొదటి రీలు కడిగించి తెచ్చాక తిట్టారు. ఫిల్మంతా దండగ చేశావన్నారు. అప్పట్నుంచి ఒకటి ఎదురుగా నిలబడి, ఇంకోటి నీడ తగలకుండా పక్కకి జరిగి తీసేదాన్ని. పక్కకి జరిగి తీసినవి ఆల్బంలోకి వెళ్లాయి. ఇవి పారెయ్యమన్నారు.”

“మరి పారెయ్యలేదేం?”

“మనుషులున్న ఫోటోలు ఎలా పారేస్తామే?”

“ఉండండి. పక్కకి జరిగితే బాగా వస్తుందని తెలిశాక కూడా ఎదురుగా నిలబడి ఇంకోటి ఎందుకు తీశారు? ఎవరూ అడగలేదుగా?”

“నువ్వు అన్నీ అడుగుతావే!” అంది, సిగ్గుపడినట్టు నవ్వుతూ. “నేనూ అక్కడిదాకా వెళ్లానని ఉండొద్దూ? అన్నం కట్టుకుని, వీణ్ణి ఎత్తుకుని, ఆ ఎండలో పడి వెళ్లేదాన్ని. ఆల్బం తీసి ఎవరికైనా చూపించేటప్పుడు మీ మావయ్య ‘ఇక్కడికి వెళ్లాను, అక్కడికి వెళ్లాను’ అంటారు. వినీ వినీ నాకే అనుమానం వచ్చేది, నేను నిజంగా వెళ్లానా అని. అప్పుడు ఇవి తీసి చూసుకునేదాన్ని.”

“ఈ వరస?”

“కనబడట్లేదూ? పొద్దున్న పొడుగ్గా ఉంటాను. మధ్యాహ్నానికి ఇంతే. సాయంత్రం మళ్లీ మీ మావయ్యని దాటిపోతాను.” వేలితో తెర మీద గీతలా చూపించింది. వేలి చివర సబ్బు నురగ తెరకి అంటుకుంది.

ఆ ఖాళీ వంతెన సంగతి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. దాన్ని నేనే డిలీట్ కొట్టాను కదా. ఆవిడే అంది. “చివరిది కూడా తీసేసినట్టున్నావు.”

“పొరపాటున తీసిందనుకున్నాం అత్తయ్యా.”

“పొరపాటు కాదు. రీల్లో ఒకటి మిగిలింది. ఆయన మేస్త్రీలతో మాట్లాడుతూ అటువైపు వెళ్లారు. వంతెనంతా ఖాళీ. ఇంకా ఒక్క బండీ నడవలేదు దానిమీద. నా నీడ ఈ గట్టునుంచి ఆ గట్టుకి పడింది. అంత పెద్దగా నన్నెప్పుడూ చూసుకోలేదు. నొక్కేశాను. నేను తీసిన ఫోటోల్లో ఎవరూ తియ్యమనకుండా తీసింది అదొక్కటే.”

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందంటే ముందు నా మీదే. ఆ పూటంతా ఇద్దరం కూర్చుని మళ్లీ చేశాం. స్లైడ్లు చేసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇదెలా కావాలి?’ అని అడగడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. వంకర సరిచేస్తే సరేనంది. అక్షరాలు మారిస్తే ముచ్చటపడింది. సంవత్సరాలు వద్దంది. ‘ఉదయం’ కావాలంది. ఆఖరిదాన్ని ఆవిడ దగ్గరున్న పాత ఫైల్లోంచి తెచ్చి తెరనిండా పెట్టాను.

సాయంత్రం అది చూసి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. “మళ్లీ ఈ మరకలేమిటి?”

“మరకలు కావు. మీ అమ్మ.”

విడమరిచి చెప్పాను. విన్నాడు. విని, “అదంతా బాగానే ఉంది గానీ అక్కడ నాన్న పైవాళ్లొస్తారు, కిందవాళ్లొస్తారు. నవ్వుతారు. ఇది నాన్న ఫంక్షన్, అమ్మది కాదు” అన్నాడు.

“స్లైడ్లు అమ్మవి.”

“అందరి ముందూ ఆయన పరువు తీస్తారా ఇద్దరూ కలిసి?”

“ఆవిడ నీడ కనబడితే ఆయన పరువెందుకు పోతుందో నాకు చెప్పు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.”

టవలు భుజాన వేసుకుని స్నానానికి లేచాడు. తలుపు అవతల అత్తయ్య వింది. “పోనీలే అమ్మా, నువ్వు మొదట చేసినవే వెయ్యి. ఈ మాత్రానికి గొడవెందుకు” అని ఆరిన బట్టలు తేవడానికి వెళ్లిపోయింది. ఆవిడ గొంతులో పొద్దున్నటి నవ్వు లేదు.

శుక్రవారం హాల్లో వెనక బల్ల దగ్గర నేను, నా లాప్‌టాప్. నా చోటు ఎక్కడికెళ్లినా అదే. లాప్‌టాప్‌లో రెండు ఫైళ్లు పక్కపక్కన ఉన్నాయి, శుభ్రంగా ఉన్నదీ, నీడలున్నదీ. మావయ్య వేదిక మీద, చేతిలో పూలగుత్తి. ఎవరో ఆయన్ని పొగుడుతున్నారు, మావయ్య కాదు కాదంటూ తలూపుతున్నారు. అత్తయ్య ముందువరస చివరి కుర్చీలో ఒదిగి కూర్చుంది. నేను లేచి వరసల మధ్యలోంచి నడిచి వెళ్లి ఆవిడ పక్కన వంగాను.

“ఏది వెయ్యను?”

“నీ ఇష్టం తల్లీ.”

“నా ఇష్టం కాదు అత్తయ్యా. మీ ఇష్టం చెప్పండి. ఏదంటే అదే వేస్తాను, ఎవరేమన్నా నేను చూసుకుంటాను.”

అత్తయ్య వేదిక వైపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. “నావే వెయ్యి.”

వెనక్కొచ్చి తెరిచాను. ‘ఉదయం’. మావయ్య తెర చూసి తడబడ్డారు. కాగితం మీద రాసుకొచ్చిన సంవత్సరాలు ఆ వరసకి అందవు. నీడ చూసి మొహం చిట్లించి, వెంటనే నవ్వేసి, మైకులో అన్నారు: “ఇదీ నేను కట్టిన వాటిల్లో ఒకటి. మా ఆవిడకి ఎన్నేళ్లు నేర్పినా నీడ పడకుండా తియ్యడం మాత్రం రాలేదండీ!” హాలంతా నవ్వింది. నా చెయ్యి ఆ శుభ్రమైన ఫైలు మీదకి పోబోయింది. అత్తయ్య వీపు చూశాను. కదల్లేదు.

“నెక్స్ట్” అన్నారు మావయ్య. నొక్కాను. మళ్లీ నీడ. మళ్లీ కొంచెం నవ్వు. “నెక్స్ట్.” టోపీ నీడ. “నెక్స్ట్.” సంచీ నీడ. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాతది వచ్చేసరికి రెండో వరసలో ఒక పెద్దావిడ, మావయ్య ఆఫీసులోనే పనిచేస్తుందట, పక్కావిడకి చూపిస్తూ పైకే అనేసింది: “అయ్యో, చంకలో పిల్లాడండీ! పిల్లాణ్ణెత్తుకుని తీసిందావిడ!”

తలలన్నీ తెర అడుగు వైపు తిరిగాయి. మా ఆయన నా పక్కనే నిలబడ్డాడు. “అది... నేనా?” అన్నాడు.

“నువ్వే.”

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నాలు వెళ్లాయి, సాయంత్రాలొచ్చాయి, నీడ పెరిగి మావయ్య నడుం మీది చేతిని దాటింది. మావయ్య ఇప్పుడు వంతెనల గురించి తక్కువ చెబుతున్నారు, “నెక్స్ట్” కూడా నెమ్మదిగా అంటున్నారు. ఆఖరిది వచ్చింది. హాలు గోడంత వంతెన, దాని మీద ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఒక మనిషి.

మావయ్య అందులో తనకోసం వెతుక్కున్నారు. “ఇదెప్పటిది?” అన్నారు. “ఇందులో నేను లేనే.” జనం వైపు తిరిగి, “నెక్స్ట్” అన్నారు.

నేను బటన్ మీంచి చెయ్యి తీసేశాను.

“నెక్స్ట్, అమ్మాయ్.”

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. మా ఆయన నావైపు చూశాడు గానీ లాప్‌టాప్ ముట్టుకోలేదు. అప్పుడు ముందువరస చివరి కుర్చీలోంచి, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే, అత్తయ్య అంది:

“అందులో మీరు లేరండీ. నేనున్నాను.”

మావయ్య జనానికి వీపు చేసి తెర వైపు తిరిగారు. ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఆ నీడని చూస్తూ నిలబడ్డారు.

సోమవారం మీటింగులో మా సార్ ఎప్పట్లాగే వెనక్కి తిరక్కుండా “నెక్స్ట్” అంటారు. నొక్కకపోతే ఏమవుతుందో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది.